ఉత్తరాంధ్రలో ప్రభుత్వ, న్యాయస్థానాల అవినీతి: విదేశీయులు చూసినది, చూడనిది

ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలూ వాటిని ఆనుకున్న మన్యమూ పూర్వం చికాకోలు సర్కారులో భాగం. పద్దెనిమిదో శతాబ్దం నడుమ నుంచి ఈ నేల మీద కాపురమున్న ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, మిషనరీలు, వ్యాపారులు, చాలా తర్వాత మానవశాస్త్రవేత్తలు ఇక్కడి కచేరీల గురించీ కోర్టుల గురించీ రాసి పెట్టింది కొండంత ఉంది. ఉత్తరాలు, విచారణ సంఘాల నివేదికలు, జిల్లా మాన్యువళ్ళు, పార్లమెంటు కాగితాలు అందులోవే. వీటిలో తరచు కనిపించే పాత్ర లంచం పుచ్చుకునే శిరస్తాదారు, లేదా రైతును పీడించే తహశీల్దారు. రాసినవాడు మాత్రం సాధారణంగా ఒడ్డున నిలబడి చూస్తున్నట్టు కనిపిస్తాడు. అయితే ఈ ప్రాంతం నుంచి లండను దాకా వెళ్ళిన అతి పెద్ద లంచం వ్యవహారంలో పుచ్చుకున్నారన్న ఆరోపణ పడింది స్వయానా మద్రాసు గవర్నరు మీద, ఆయన కార్యదర్శి మీద. అందుకే ఈ సాక్ష్యాలను చదివేటప్పుడు ఏం చెప్పారన్నదానితో పాటు చెప్పినవాడు ఏ కుర్చీలో కూర్చుని చెప్పాడన్నదీ చూసుకోవాలి.

ఫ్రెంచివారి ఇజారా

ఉత్తర సర్కారులు 1753లో హైదరాబాదు నిజాము నుంచి ఫ్రెంచి సేనాని బుస్సీ దొరకు దక్కాయి. మచిలీపట్నంలో ఫ్రెంచి వ్యవహారాలు చూసే మొరాసిన్, రాజమహేంద్రవరం, చికాకోలు సర్కార్లను విజయనగరం పాలకుడు పెద విజయరామరాజుకు అసలు రాబడి కంటే బాగా తక్కువకు ఇజారాకు ఇచ్చాడని కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. పాత ఫౌజుదారు జాఫరలీ ఖానును పక్కకు నెట్టడానికి అది అవసరమైంది. దీన్ని లంచమనాలో రాజనీతి అనాలో తేల్చడం కష్టం. ఆ కాలంలో రెండింటికీ మధ్య గోడ లేదు. బుస్సీ దివాను హైదర్ జంగు అపారంగా గడించాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి ఫిరంగులు పేలడం వెనక ఆయన చేయి ఉందన్న మాట తెలుగునాట ఎప్పుడూ వినిపిస్తూనే ఉంది. ఫ్రెంచివాళ్ళు ఇక్కడ ఎక్కువ కాలం నిలవలేదు. 1758 చివర చందుర్తి యుద్ధంతో వాళ్ళ పలుకుబడి పోయింది. 1765 నాటి మొగలు ఫర్మానాతో, మరుసటి ఏడాది నిజాముతో కుదిరిన ఒప్పందంతో సర్కార్లు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాయి.

రంబోల్డు వ్యవహారం

కంపెనీ తరఫున విశాఖపట్నంలో ఒక చీఫు, ఒక కౌన్సిలు ఉండేవి. జమీందారులు కట్టాల్సిన పేష్కషు వాళ్ళ ద్వారానే పోవాలి. జీతాలు చిన్నవి, సొంత వ్యాపారానికి అడ్డు లేదు. పేష్కషు బకాయి పడిన జమీందారుకు సాహుకారు అప్పిచ్చేవాడు, ఆ సాహుకారు వెనక చాలాసార్లు ఏదో ఒక దొర సొమ్ము ఉండేది. లండనులోని డైరెక్టర్లకు ఈ సంగతులు అరకొరగా చేరుతుండేవి. మద్రాసు కౌన్సిలు సభ్యులే సర్కార్లన్నీ తిరిగి భూముల రాబడి, జమీందారుల తాహతు, రైతుల స్థితి కళ్ళారా చూసి రావాలని వాళ్ళు 1775లో ఆజ్ఞ పంపారు. కమిటీ ఆఫ్ సర్క్యూట్ అనేది అదే.

1778 ఫిబ్రవరిలో సర్ థామస్ రంబోల్డు మద్రాసు గవర్నరుగా దిగాడు. అప్పటికింకా సర్ కాలేదు, ఆ బిరుదు మరుసటి ఏడాది వచ్చింది. వచ్చిన రెండు నెలల లోపే ఆయన ఆ కమిటీని రద్దు చేశాడు. కమిటీ జమీందారుల దగ్గరకు వెళ్ళే బదులు జమీందారులే మద్రాసు రావాలన్నాడు. చికాకోలు సర్కారు నుంచి మద్రాసు అంటే వందల మైళ్ళ ప్రయాణం. పల్లకీ బోయీలు, పరివారం, దారి ఖర్చులు, పట్నంలో నెలల తరబడి మకాం, ప్రతి గడప దగ్గరా చేయి తడపడం ఉంటాయి. ఎవరి భూముల లెక్క ఎవరూ వెళ్ళి చూడనక్కరలేదు, గవర్నరు గదిలో మాట్లాడుకుంటే చాలు. ఈ ఏర్పాటులో దాపరికానికి ఎంత చోటుందో చెప్పడానికి కంపెనీ చరిత్ర చదివి ఉండనక్కరలేదు.

విజయనగరం సంస్థానంలో అప్పటికే పొత్తు కుదరని అన్నదమ్ములు ఉన్నారు. రాజు విజయరామరాజు. పసితనంలో దత్తత వచ్చి గద్దెనెక్కినవాడు. అన్న సీతారామరాజు, ఏళ్ళ తరబడి అసలు పెత్తనం నడిపినవాడు, లెక్కల మనిషి, పట్టుదల మనిషి. రాజు తన అన్నను దూరం పెట్టి జగన్నాథరాజును దివానుగా పెట్టుకున్నాడు. సీతారామరాజు మద్రాసు చేరి గవర్నరును ఆశ్రయించాడు. గవర్నరు ఆ దివానుగిరీ మళ్ళీ ఆయనకే ఇప్పించాడు. తమ్ముడికి ఇష్టం లేదు. ఇష్టం లేదని కంపెనీ రికార్డుల్లోనే ఉంది. గవర్నరు మాట కాదనే శక్తి మాత్రం లేదు.

తర్వాత బయటపడింది ఇది. గవర్నరు ఆంతరంగిక కార్యదర్శి రెడ్‌హెడ్ చనిపోయాక, అతనికి సీతారామరాజు తరఫున 1 లక్ష రూపాయల బహుమానం ముట్టచెప్పే ఏర్పాటు జరిగిందని చూపే కాగితం దొరికిందన్నారు. దివానుగిరీ ఇప్పించడంలో చేసిన సాయం ఆ బహుమానానికి చెప్పిన కారణాల్లో ఒకటి. రంబోల్డు తన హయాంలో ఇంగ్లండుకు 1,50,000 పౌన్లకు మించి పంపాడని మరో ఆరోపణ. అంత సొమ్ము జీతభత్యాల లోంచి పోగయ్యేది కాదని నేరం మోపినవాళ్ళ వాదన. బెంగాలులో, పాట్నాలో చీఫుగా ఉన్నప్పుడు సంపాదించినదే అదంతా అని ఆయన జవాబు. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. 1773 నాటి రెగ్యులేటింగు చట్టం కంపెనీ ఉద్యోగులు దేశీయుల నుంచి కానుకలు పుచ్చుకోకూడదని అప్పటికే నిషేధించింది. చట్టం లేక జరిగిన పని కాదిది.

రంబోల్డు 1780 ఏప్రిలులో ఆరోగ్యం బాగాలేదంటూ ఓడ ఎక్కాడు. కొద్ది నెలల్లోనే హైదరలీ కర్ణాటకంలోకి దూసుకొచ్చాడు. 1781 జనవరిలో డైరెక్టర్లు ఆయన్ని పదవి నుంచి తొలగించారు. హెన్రీ డండాస్ అధ్యక్షతన కూర్చున్న పార్లమెంటు రహస్య కమిటీ ఈ కాగితాలన్నీ బయట పెట్టింది. శిక్ష వేయడానికి కామన్స్ సభలో ప్రత్యేక బిల్లే తెచ్చారు. విజయనగరం దివానుగిరీ వెస్ట్‌మినిస్టరులో చర్చకు వచ్చింది. పేర్లు పలకడంలో సభ్యులు పడిన పాట్లు ఆ కాగితాల్లోని అక్షరదోషాలే చెబుతాయి. అయినా బిల్లు వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి పక్కకు పోయింది. రంబోల్డు హెర్ట్‌ఫర్డ్‌షైరులో వుడ్‌హాల్ పార్కు అనే భవంతి కట్టుకుని, పార్లమెంటు సభ్యుడిగా కూడా కొనసాగాడు. ఆయన కుమార్తె 1868లో తండ్రి నిర్దోషి అంటూ ఒక పుస్తకం వేసింది. జేమ్స్ మిల్ రాసిన బ్రిటిషు ఇండియా చరిత్రలో ఆయన దోషి. ఆ చరిత్రను సరిచూసిన హెచ్. హెచ్. విల్సన్ ఆ తీర్పును అంతగా ఒప్పుకోలేదు. కోర్టు ఏనాడూ తేల్చలేదు కనుక దోషి అనే మాట ఇక్కడ వాడడం లేదు.

ఒక పిట్టకథ మాత్రం వదలబుద్ధి కాదు. మద్రాసుకు రాక ముందు, 1770లో, రంబోల్డు న్యూ షోరెహామ్ అనే చిన్న ఊరి నుంచి పార్లమెంటుకు ఉపఎన్నికలో నిలబడ్డాడు. ఆ ఊరి వోటర్లు క్రిస్టియన్ సొసైటీ అనే పవిత్రమైన పేరుతో సంఘం కట్టుకుని వోట్లను టోకున అమ్ముకునేవాళ్ళు. ఎన్నికల అధికారి ఆ వోట్లను కొట్టేయడంతో రగడ పార్లమెంటు దాకా పోయి, ఆ సంఘం వాళ్ళ వోటుహక్కు తీసేస్తూ 1771లో చట్టమే చేశారు. లంచం తూర్పుదేశాల గాలిలోనే ఉందని తర్వాతి కాలపు దొరలు రాసిన పేజీల పక్కన ఈ పేజీ పెట్టుకుని చదవడం మంచిది.

సీతారామరాజు సంగతేమైంది? 1784లో మళ్ళీ కూర్చున్న కమిటీ ఆఫ్ సర్క్యూట్ విజయనగరం బలగం 12,000 మందికి మించి ఉందని, కంపెనీకి అది ప్రమాదమని నివేదించింది. ఒకనాడు గవర్నరే కూర్చోబెట్టిన దివాను తర్వాతి గవర్నర్ల కంట్లో నలుసయ్యాడు. 1793లో ఆయన్ని మద్రాసు పంపేశారు. బకాయిల పేరుతో సంస్థానాన్ని కంపెనీ స్వాధీనం చేసుకుంది. 1794 జులై 10న పద్మనాభం దగ్గర కర్నల్ ప్రెండర్‌గాస్టు సేనల ముందు విజయరామరాజు నేలకొరిగాడు. బకాయిలు ఎందుకు పెరిగాయన్న ప్రశ్నకు విశాఖపట్నం కౌన్సిలు నడిపిన తీరులో కొంత జవాబు ఉంది. ఆ ఏడే చీఫులు, కౌన్సిళ్ళు రద్దయి కలెక్టర్లు వచ్చారు.

కలెక్టర్లు, అమలాలు

గవర్నరు జనరలు కార్న్‌వాలిస్ సంస్కరణల సూత్రం చిన్నది: దొరకు పెద్ద జీతం ఇవ్వు, సొంత వ్యాపారం మాన్పించు. పై అంతస్తులో అది చాలావరకు పనిచేసింది. వెంటనే కాదు. గంజాం కలెక్టరుగా చేసిన స్నాడ్‌గ్రాస్, చిలికా ఒడ్డున రంభలో భవంతి కట్టినవాడు, లెక్కల గొడవల్లో కొలువు పోగొట్టుకున్నాడు. లండను వెళ్ళి కంపెనీ కార్యాలయం ముందు వీధి ఊడుస్తూ కూర్చున్నాడనీ, సిగ్గుపడ్డ డైరెక్టర్లు పింఛను మంజూరు చేస్తే మర్నాడు బండి కట్టించుకుని కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చాడనీ గంజాం వైపు దొరలు చాలాకాలం చెప్పుకున్నారు. నిజమెంతో గానీ, కథ చెప్పుకున్నవాళ్ళ గొంతులో కోపం కంటే ముచ్చటే ఎక్కువ. నల్ల గుమాస్తా పది రూపాయలు నొక్కిన కథలు ఆ గొంతుతో ఎవరూ చెప్పలేదు. 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటయినప్పటి నుంచి 1936లో ఒడిశా రాష్ట్రం విడిపోయే దాకా శ్రీకాకుళం ఆ గంజాం జిల్లాలోదే.

కింది అంతస్తుకు కార్న్‌వాలిస్ సూత్రం రాలేదు. పెద్ద పదవులు దేశీయులకు మూసేశారు, చిన్న పదవులకు చిన్న జీతాలే ఇచ్చారు, పని మాత్రం అంతా వాళ్ళతోనే చేయించుకున్నారు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1824 నాటి తన మినిట్‌లో ఈ వైరుధ్యాన్ని సూటిగా ఎత్తి చూపాడు. నమ్మకం లేని చోట, పైకెదిగే దారి లేని చోట నిజాయితీ ఎలా ఆశిస్తామని ఆయన వాదన. కంపెనీలోని తెల్ల ఉద్యోగులు కూడా చాలని జీతాల రోజుల్లో అలాగే ప్రవర్తించారని ఆయనకు తెలుసు.

1802 తర్వాత జిల్లా కోర్టులు వచ్చాయి. జడ్జి ఇంగ్లీషువాడు. వాది ప్రతివాదుల భాష తెలుగు, మన్యంలో సవర, ఉత్తరపు అంచున ఒడియా. కోర్టు కాగితాల్లో పారసీ మాటలు బోలెడు. జడ్జికీ కక్షిదారుకీ నడుమ శిరస్తాదారు, మున్షీ, అమీనా, బంట్రోతు నిలబడేవాళ్ళు. అర్జీ ఎప్పుడు చదవాలో, ఏ సాక్షిని ఎప్పుడు పిలవాలో, ఏ కాగితం కట్టలో అడుగుకు పోవాలో వాళ్ళ చేతిలో పని. మామూలు అక్కడే పుట్టింది. తీర్పును కొనడం అరుదు. తీర్పు దాకా పోయే దారిలో ప్రతి మలుపుకీ రేటు ఉండేది. ఇక్కడి కోర్టుల గురించి విదేశీయులు రాసిన అవినీతిలో అత్యధికం ఈ రకమే.

రాజమహేంద్రవరంలో జిల్లా జడ్జి భార్యగా ఉండి 1836 నుంచి 1839 దాకా ఇంటికి ఉత్తరాలు రాసిన జూలియా మైట్‌లాండు పుస్తకం ఈ లోకాన్ని లోపలి గది నుంచి చూపిస్తుంది. చూడవచ్చే పెద్దమనుషులు, వాళ్ళు చేతిలో పట్టుకొచ్చే నిమ్మకాయలు, దండలు, వాళ్ళ పొగడ్తలు ఆమె కలానికి మంచి మేత. కానుకల నిషేధం వచ్చాక పండూ పూలూ మాత్రమే అంటరాని సొమ్ము కాకుండా మిగిలాయి. నిమ్మకాయ పుచ్చుకుని నవ్వడం దొరసాని పని. ఆ నిమ్మకాయతో లోపలికి రావడానికి వాకిట్లో జవానుకు ఎంత ముట్టిందో ఆమెకు కనిపించే అవకాశం తక్కువ. ఆమె చురుకైన మనిషి, తెలుగు నేర్చుకోవాలనుకుంది, బడి పెట్టింది. ఆమె పరిమితి ఆమె తెలివిది కాదు, ఆమె కూర్చున్న వరండాది.

చిత్రహింసల కమిషను

1854లో ఇంగ్లండు పార్లమెంటులో మద్రాసు రాజధానిలో శిస్తు వసూలు కోసం రైతులను హింసిస్తున్నారన్న మాట రేగింది. ఇలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అనే ముగ్గురితో కమిషను వేశారు. 1855 నాటి వారి నివేదికకు ఆధారం 1,959 ఫిర్యాదులు. కాళ్ళకు, చేతులకు వేసే కిట్టి, తలను కాళ్ళకు వంచి కట్టే అనందాళు, మండుటెండలో నిలబెట్టడం వంటివన్నీ అందులో ఉన్నాయి. దొరలైన అధికారులతో పాటు మిషనరీలను, వ్యాపారులను కూడా ప్రశ్నలడిగి జవాబులు తెప్పించుకోవడం వల్ల, పరదేశి నివాసుల సాక్ష్యం ఇంత విరివిగా ఒక్కచోట దొరికే గ్రంథం ఇదే.

ఈ నివేదికలో అసలు విలువైన భాగం హింసల జాబితా కాదు, యంత్రాంగం ఎలా పనిచేస్తుందో విప్పి చెప్పిన పేజీలు. తహశీల్దారే శిస్తు వసూలు చేస్తాడు, తహశీల్దారే పోలీసు. రైతు అతని మీద కలెక్టరుకు అర్జీ పెట్టుకుంటే, కలెక్టరు ఆ అర్జీని విచారణ కోసం ఆ తహశీల్దారుకే పంపుతాడు. జిల్లా పెద్దది, కచేరీ దూరం, దారి ఖర్చులు రైతువి. ఇది తెలిసిన రైతు అర్జీ పెట్టడు. దొర తన జిల్లాలో ఫిర్యాదులే లేవని పైకి రాస్తాడు. కమిషను సూచనల ఫలితంగానే 1859లో పోలీసును రెవెన్యూ నుంచి విడదీసే చట్టం వచ్చింది.

అయితే ఇదే నివేదిక, జనం తమను రక్షించమంటున్నది తోటి దేశీయుల క్రౌర్యం నుంచే తప్ప తెల్ల అధికారుల నిర్దయ నుంచో ఉదాసీనత నుంచో కాదని తేల్చేసింది. అర్జీని తిరిగి తహశీల్దారుకే పంపినవాడు ఎవరో పేజీల ముందు చెప్పి, ఆ వెంటనే అతనికి మచ్చ లేదనడం ఎలా పొసిగిందో! విచిత్రమేమిటంటే, ఆ ముగ్గురిలో ఒకడైన నార్టన్ 1853లోనే దక్షిణ భారత న్యాయ పరిపాలన మీద చిన్న పుస్తకం వేసి, చట్టం చదవని కంపెనీ జడ్జీలు రాసే తీర్పుల మీద నిప్పులు చెరిగాడు. బారిస్టరుగా ఒక్కడే రాసినప్పుడు ఉన్న తెగింపు ప్రభుత్వ కమిషను సభ్యుడిగా మెత్తబడింది.

ఉత్తర జిల్లాల్లో మరో చిక్కు ఉంది. ఇక్కడ చాలా భూమి జమీందారీ. రైతును పిండేది జమీందారు అమీలు కనుక సర్కారు విచారణకు సగం దృశ్యం అందలేదు. 1830లలో పర్లాకిమిడి, పాలకొండ వైపు తిరుగుబాట్లు అణచడానికి జార్జి రసెల్ వచ్చిన తర్వాత, 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం మన్యాన్ని మామూలు కోర్టుల పరిధి నుంచే తీసేశారు. ఏజెన్సీలో కలెక్టరే జడ్జి, ఏజెంటు హోదాలో. కోర్టుల చిక్కుల్లో గిరిజనుడు నలిగిపోకూడదన్నది చెప్పిన కారణం. ఒకే మనిషి చేతిలో అన్ని అధికారాలు పెట్టడం వల్ల ఏం జరుగుతుందో పదహారేళ్ళ తర్వాత కమిషను మైదానం గురించి రాసింది, మన్యంలో ఎవరూ అడగలేదు. జప్తయిన పాలకొండను 1846లో మద్రాసులోని ఆర్బుత్‌నాట్ కంపెనీకి కౌలుకిచ్చారు. పరదేశి వ్యాపార సంస్థే శిస్తు వసూలుదారు అయింది. 1906 అక్టోబరులో ఆ కంపెనీ దివాలా తీసి వేలమంది డిపాజిట్లు మునిగాయి. సర్ జార్జి ఆర్బుత్‌నాట్‌కు 18 నెలల కఠిన శిక్ష పడింది. మద్రాసు రాజధానిలో అంతటి దొర జైలుకు వెళ్ళడం జనం వింతగా చెప్పుకున్నారు.

ఇంటి నుంచి చూసినవాళ్ళు

విదేశీయులు రాసినదంతా పక్కన పెట్టి ఈ ప్రాంతపు కోర్టులను తెలుసుకోవాలంటే విజయనగరంలో 1892లో మొదటిసారి ఆడిన గురజాడ కన్యాశుల్కం ఉంది. లుబ్ధావధాన్లను హత్యానేరం భయంతో పీల్చే పోలీసులు, ప్రైవేటు వకీళ్ళు, దొంగ సాక్ష్యం అందరికీ అలవాటైన సరుకు కావడం ఇవన్నీ అందులో నవ్వుతూ నడుస్తాయి. గురజాడ సంస్థానపు దావాల కాగితాలు స్వయంగా మోసినవాడు. లంచం పుచ్చుకునేవాడికీ ఇచ్చేవాడికీ మధ్య ఉన్న బంధుత్వం, ఇచ్చేవాడి అవసరం, ఇద్దరి తెలివీ ఏ దొర నివేదికలోనూ ఇంత స్పష్టంగా పడలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో కొందరు విదేశీయులు వరండా దిగి వచ్చారు. వెరియర్ ఎల్విన్ 1940లలో సవర కొండల్లో తిరిగి, బిస్సోయిలు, పాయికులు, వడ్డీ వ్యాపారులు, చిన్న అధికారులు కలిసి కొండవాళ్ళ నుంచి ఎలా గుంజుతారో రాశాడు. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెండార్ఫ్, కొమరం భీం తిరుగుబాటు తర్వాత నిజాము ప్రభుత్వం కోరగా ఆదిలాబాదు గోండుల మధ్య గడిపి, పోడు నరుక్కునేందుకు అటవీ జవాన్లకు ఇవ్వాల్సిన మామూళ్ళను, పట్టాల పేరిట జరిగిన మోసాలను నమోదు చేశాడు. పియర్స్ విటెబ్‌స్కీ 1970ల నుంచి సవరల మధ్య ఉండి వాళ్ళ భాషలోనే విన్నాడు. వీళ్ళ రాతల్లో లంచగొండి ఒక జాతి లక్షణంగా కనిపించడు. చదవను రానివాడికీ చట్టం తెలిసినవాడికీ మధ్య దూరాన్ని అమ్ముకునే మనిషిగా కనిపిస్తాడు. భాష నేర్చుకుని కింద కూర్చున్నవాడికి లెక్క వేరేగా తేలింది.

తీరపు ఇసుక

స్వాతంత్ర్యం తర్వాత పరదేశి చూపు కోర్టు కాగితాల రూపం తీసుకుంది. భావనపాడు, కళింగపట్నం, శ్రీకూర్మం, భీమునిపట్నం తీరాల నల్ల ఇసుకలో ఇల్మనైటు ఉంది. దాని నుంచి టైటానియం తీస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో టైటానియం ఖనిజాల తవ్వకానికి లైసెన్సులు తెచ్చుకునేందుకు రాష్ట్ర, కేంద్ర అధికారులకు 1.85 కోట్ల డాలర్ల లంచాలు ఇవ్వడానికి 2006 నుంచి కుట్ర పన్నారని అమెరికా న్యాయశాఖ ఆరోపించింది. ఆ అభియోగపత్రం 2014 ఏప్రిల్ 2న చికాగోలో బయటికొచ్చింది. ఆ జాబితాలో ఉక్రెయిన్ వ్యాపారి ద్మిత్రో ఫిర్తాష్, ఒక హంగేరియన్, ఒక శ్రీలంక దేశస్థుడు, అమెరికాలో స్థిరపడ్డ ఒక భారతీయుడు, ఒక రాజ్యసభ సభ్యుడు ఉన్నారు. రాజ్యసభ సభ్యుడు, ఫిర్తాష్ ఆరోపణలను ఖండించారు. టైటానియం కొనాల్సింది అప్పట్లో చికాగోలో ఉన్న విమానాల కంపెనీ బోయింగ్. దాని మీద నేరం మోపలేదు.

ఈ కేసులో చూసేవాడు, ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అన్న పాత వరస తారుమారైంది. 1977 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశంలో లంచం ఇచ్చినవాడు తన దేశంలో నేరస్థుడు. మన దేశంలో ఇచ్చేవాడి నేరాన్ని విడిగా, గట్టిగా చెప్పింది 2018 నాటి సవరణ. 1988 అవినీతి నిరోధక చట్టం ఊపు అప్పటి దాకా పుచ్చుకునేవాడి మీదే. రాష్ట్రంలో 1961 నుంచి పనిచేస్తున్న ఏసీబీ వల వేసి పట్టుకునే కేసులూ అటువంటివే: పొడి పూసిన నోట్లు, సోడియం కార్బొనేటు నీళ్ళు, గులాబీ రంగుకు తిరిగిన వేళ్ళు. కోట్ల డాలర్లు పొడి పూసిన నోట్లలో రావు.

ఫిర్తాష్‌ను 2014 మార్చి 12న వియన్నాలో పట్టుకుని 12.5 కోట్ల యూరోల పూచీకత్తు మీద వదిలారు. అతణ్ణి అమెరికాకు అప్పగించకూడదని 2015లో కింది కోర్టు, అప్పగించవచ్చని 2017లో పై కోర్టు తీర్పు చెప్పాయి. 2019 జూన్‌లో ఆస్ట్రియా సుప్రీంకోర్టు పై కోర్టు మాటే నిలబెట్టింది. అదే నెలలో చికాగో జడ్జి అభియోగాలను కొట్టేయమన్న పిటిషనును తోసిపుచ్చారు. అప్పగింత మళ్ళీ కొత్త దరఖాస్తులతో ఆగింది.